కుక్కకి ఎక్స్‌రేనా, స్కానింగా? ఏది ఏం చూపిస్తుంది, ఏది చూపించదు

ఈ ఎపిసోడ్‌లో పెంపుడు జంతువులకి చేసే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ స్కానింగ్, సీటీ, ఎంఆర్‌ఐల గురించి మాట్లాడుకుందాం.

మీరు పంపే ప్రశ్నల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తోంది. "మావాడికి వాంతులు అవుతుంటే తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఇప్పుడు మళ్ళీ స్కానింగ్ చేయించమంటున్నారు. ఏమీ లేనప్పుడు మళ్ళీ ఎందుకండీ? ఇది నిజంగా అవసరమా, లేక బిల్లు కోసమా?"

ఈ అనుమానం రావడంలో తప్పేం లేదు. డబ్బు మీది, బెంగ కూడా మీదే. కానీ ఒక్క విషయం పట్టుకుంటే ఈ అనుమానం చాలావరకు తీరిపోతుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే "ఒంట్లో ఏమీ లేదు" అని కాదు. "ఎక్స్‌రేకి కనిపించే రకం సమస్య ఏదీ కనపడలేదు" అని మాత్రమే. ప్రతి పరీక్షా కొన్ని ప్రశ్నలకే జవాబు చెప్తుంది, మిగతా వాటి దగ్గర నోరు మూసుకుంటుంది. ఏ పరీక్ష ఏ ప్రశ్నకి అన్నది తెలిస్తే అనవసరమైన ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అవసరమైన చోట ఆలస్యం జరగదు. మనుషులైతే "ఇక్కడ నొప్పి, ఇలా లాగుతోంది" అని చెప్తారు. మూగజీవాలు చెప్పలేవు కాబట్టి వాటికి ఈ పరీక్షల అవసరం ఇంకా ఎక్కువ.

ఎక్స్‌రే అంటే నీడల బొమ్మ

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలని కనిపెట్టాడు. అప్పట్లో తన భార్య చేతిని తీసిన బొమ్మలో వేళ్ళ ఎముకలు, వేలికున్న ఉంగరం కనిపించాయి, చర్మం, కండ మాత్రం మసక నీడలా మిగిలాయి. ఇప్పటికీ ఎక్స్‌రే పని చేసేది ఆ సూత్రం మీదే. కిరణాలు ఒంటి గుండా వెళ్తాయి. ఎముక వాటిని బాగా ఆపుతుంది కాబట్టి తెల్లగా పడుతుంది. గాలి దాదాపు ఆపదు కాబట్టి నల్లగా పడుతుంది.

డాక్టర్లు ఎక్స్‌రేలో ముఖ్యంగా ఐదు ఛాయలు చూస్తారు. గాలి, కొవ్వు, నీరు లేదా మెత్తటి కండ, ఎముక, లోహం. అసలు చిక్కు మధ్యలో ఉన్న ఆ మూడో ఛాయతోనే. రక్తం, మూత్రం, చీము, కాలేయం, ప్లీహం, గర్భసంచి, ఇవన్నీ ఎక్స్‌రేకి ఒకే బూడిదరంగు. కడుపులో నీరు చేరితే అవయవాల అంచులు కూడా ఆ బూడిదరంగులో కలిసిపోతాయి. నీరు చేరిందని అర్థమవుతుంది గానీ, అది రక్తమా, మూత్రమా, ఎక్కడినుంచి వచ్చింది అన్నది ఆ ఫిల్మ్ చెప్పలేదు.

ఇంకో మాట. "ఒక ఎక్స్‌రే చాలు కదా, రెండెందుకు తీశారు?" అని చాలామంది అడుగుతారు. ఒక పెన్సిల్‌ని పక్కనుంచి చూస్తే గీతలా ఉంటుంది. కొనవైపు నుంచి చూస్తే చుక్కలా ఉంటుంది. ఎక్స్‌రే కూడా అంతే, లోతు లేని బొమ్మ. అందుకే పక్కకి పడుకోబెట్టి ఒకటి, వెల్లకిలా గానీ బోర్లా గానీ పడుకోబెట్టి ఇంకోటి, కనీసం రెండు తీయాలి. ఒక కోణంలో బాగానే కనిపించిన ఎముక ఇంకో కోణంలో విరిగి ఉండొచ్చు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకిందా అని చూసేటప్పుడైతే మూడు తీస్తారు. ఎందుకంటే పక్కకి పడుకున్నప్పుడు కింద ఉన్న ఊపిరితిత్తి అణిగిపోతుంది, అందులోని చిన్న గడ్డలు దాక్కుంటాయి. రెండు పక్కలా తీస్తే గానీ బయటపడవు.

మరి ఎక్స్‌రే దేనికి మంచిది? ఎముకలు, కీళ్ళు, ఊపిరితిత్తులు, గుండె సైజు, పొట్టలో గాలి ఎలా పరుచుకుంది, మింగిన సూది, నాణెం, బొమిక లాంటివి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోవడం తరచూ చూస్తాం. దానికి మొదటి పరీక్ష ఎక్స్‌రేనే.

అల్ట్రాసౌండ్ అంటే శబ్దంతో తడిమి చూడటం

మనం మామూలుగా "స్కానింగ్" అనేది దీన్నే. ఇందులో రేడియేషన్ ఉండదు. మన చెవికి సెకనుకి సుమారు 20,000 కంపనాల వరకే వినిపిస్తుంది. ఈ ప్రోబ్ పంపే శబ్దం లక్షల్లో, కోట్లలో ఉంటుంది. అది లోపలికి వెళ్ళి, అవయవాలకి తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనితోనే బొమ్మ తయారవుతుంది. గబ్బిలం చీకట్లో దారి చూసుకున్నట్టే అనుకోండి.

ఎక్స్‌రేకి ఒకే బూడిదరంగులా కనపడినవన్నీ దీనికి వేరువేరుగా కనిపిస్తాయి. మూత్రాశయం గోడ ఎంత మందంగా ఉంది, లోపల రాయి ఉందా, కాలేయంలో గడ్డ ఉందా, గర్భసంచిలో పిల్లలున్నాయా, చీముందా, ఇవన్నీ చూడొచ్చు. గుండె మీద చేస్తే దాన్నే ఎకో అంటాం. గుండె గోడలు, కవాటాలు కదులుతుండగా చూడటం అన్నమాట. ఎక్స్‌రే గుండె పెద్దదైందని చెప్తుంది. ఎందుకు పెద్దదైందో ఎకో చెప్తుంది.

కానీ దీనికీ శత్రువులున్నాయి. గాలి, ఎముక. శబ్దం గాలి దగ్గరా, ఎముక దగ్గరా ఆగిపోతుంది, వాటి వెనకాల ఏముందో కనపడదు. మీవాడి పొట్ట మీద బొచ్చు గొరిగేసి జెల్ రాసేది ఇందుకే. బొచ్చులో చిక్కుకున్న గాలి కూడా బొమ్మని పాడుచేస్తుంది. బొచ్చు మళ్ళీ వస్తుంది, దిగులు పడకండి. ఖాళీ కడుపుతో తీసుకురమ్మనేది కూడా ఇందుకే. పొద్దున్నే పెరుగన్నం పెట్టి తీసుకొస్తే, ఆ అన్నం, దాంతో చేరిన గాలి వెనకాల సగం పొట్ట దాక్కుంటుంది.

ఇంకోటి, స్కానింగ్ అన్నది పట్టుకున్న చేతి మీద చాలా ఆధారపడుతుంది. మిషన్ ఒకటే అయినా, అలవాటున్న డాక్టర్‌కి కనపడింది కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళకి కనపడకపోవచ్చు. రెండో అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటపడాల్సిన పని లేదు.

మామిడి టెంక, పూల దారం

ఇప్పుడు మన ఇళ్ళల్లో జరిగేవే తీసుకుందాం. ఎండాకాలం వస్తే కుక్కలు మింగేవాటిలో ముందు చెప్పుకోవాల్సింది మామిడి టెంక. తర్వాత గింజలు తినేసి పడేసిన మొక్కజొన్న పొత్తు, గుడ్డముక్కలు, సాక్సులు. కుక్క వాంతులు చేసుకుంటుంది, అన్నం ముట్టదు, నీళ్ళు తాగినా కక్కేస్తుంది. ఎక్స్‌రే తీస్తారు. టెంక ఎముక కాదు, లోహం కాదు. చాలాసార్లు అది తెల్లగా, స్పష్టంగా కనపడదు. అప్పుడు డాక్టర్ టెంక కోసం వెతకరు, పేగులో గాలి కోసం చూస్తారు. దారి మూసుకుపోయిన చోటికి ముందున్న పేగు ఉబ్బి ఉంటుంది. అది కూడా తేటగా లేకపోతే స్కానింగ్ చేస్తారు, లేదా బేరియం తాగించి గంటగంటకీ ఎక్స్‌రేలు తీస్తారు. కాబట్టి మొదట మనం చెప్పుకున్న ప్రశ్నకి జవాబు ఇదే. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాక స్కానింగ్ అడిగారంటే, అది అదే పని రెండోసారి చేయడం కాదు. మొదటిదానికి కనపడని చోట చూడటం.

ఇక్కడ ఆలస్యం ఎందుకు ప్రమాదమంటే, ఇరుక్కున్న వస్తువు పేగు గోడని నొక్కేస్తుంది. అక్కడికి రక్తం అందదు. గోడ చచ్చుబడి చిల్లు పడుతుంది. అప్పుడు చిన్న ఆపరేషన్‌తో పోయేది ప్రాణం మీదికి వస్తుంది. "అరగలేదేమో, రెండు రోజులు వాము నీళ్ళు పట్టిద్దాం" అని ఆగకండి. నీళ్ళు కూడా నిలవట్లేదంటే అదే రోజు చూపించాలి.

పిల్లుల్లో సమస్య దారం. పూల దండ దారం, కుట్టు దారం, గాలిపటం దారం. ఒక కొస నాలుక కింద చుట్టుకుంటుంది, ఇంకో కొస పేగులోకి వెళ్తుంది. పేగు ఆ దారం మీదికి, లంగాకి బొందు గుచ్చి లాగినట్టు, ముడతలు ముడతలుగా దగ్గరికొస్తుంది. దారం ఎక్స్‌రేలో కనపడదు, ఆ ముడతలు మాత్రం ఎక్స్‌రేలోనో స్కానింగ్‌లోనో తెలుస్తాయి. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే దయచేసి లాగకండి. రంపంలా పేగుని కోసేస్తుంది. అలాగే తీసుకెళ్ళండి.

ఆడకుక్క నీళ్ళు ఎక్కువ తాగుతోందా?

ఈ భాగం కాస్త జాగ్రత్తగా వినండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఐదారేళ్ళో అంతకన్నా ఎక్కువో వయసు. ఎదకొచ్చి నెలో రెండు నెలలో అయింది. ఇప్పుడు డల్‌గా ఉంటోంది, నీళ్ళు తెగ తాగుతోంది, మూత్రం ఎక్కువ పోస్తోంది, తిండి తగ్గింది. ఇంట్లోవాళ్ళు "ఎండలకి తాగుతోందిలే" అనుకుంటారు. అది గర్భసంచిలో చీము కావచ్చు. పయోమెట్రా అంటారు. కింద నుంచి చీము కారుతుంటే మీకు తెలిసిపోతుంది. గర్భద్వారం మూసుకుపోతే బయటికి ఏమీ రాదు. అదే ఇంకా ప్రమాదకరమైన రకం, ఎందుకంటే చీమంతా లోపలే ఉండి విషం రక్తంలోకి ఎక్కుతుంది.

ఎక్స్‌రేలో పెద్దదైన గర్భసంచి కనపడొచ్చు. కానీ అది చీమా, గర్భమా? సుమారు 45 రోజుల వరకూ పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో కనపడవు కాబట్టి, అప్పటిదాకా రెండూ ఒకేలా ఉంటాయి. స్కానింగ్ పెడితే నిమిషాల్లో తేలిపోతుంది. పిల్లలైతే గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది, చీమైతే ద్రవం నిండిన గొట్టాల్లా కనిపిస్తుంది. పయోమెట్రాకి మామూలుగా చేసే వైద్యం గర్భసంచి తీసేయడమే. త్వరగా పట్టుకుంటే కుక్క బతికి బట్టకట్టే అవకాశాలు చాలా బాగుంటాయి.

గర్భం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. కుక్క మోసేది సుమారు 63 రోజులు. 25 రోజుల తర్వాత స్కానింగ్‌లో గర్భం, గుండె చప్పుడు తెలుస్తాయి. కానీ ఎన్ని పిల్లలు అన్నది స్కానింగ్ కచ్చితంగా చెప్పలేదు, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. లెక్క కావాలంటే 55 రోజులు దాటాక ఒక ఎక్స్‌రే తీసి, పుర్రెలు, వెన్నెముకలు లెక్కపెడతారు. ఇది సరదాకి కాదు. ఆరు పిల్లలని తెలిసి, ఐదు పుట్టాక ఆగిపోతే, ఇంకోటి లోపల ఉందని మీకు వెంటనే అర్థమవుతుంది.

రెండూ తడబడే చోట్లు

మూత్రాశయంలో రాళ్ళు. కొన్ని రకాల రాళ్ళు ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తాయి. యూరేట్ లాంటివి చాలాసార్లు కనపడవు. డాల్మేషియన్ కుక్కల్లో వచ్చేది ఎక్కువగా ఈ రకమే. అందుకే మూత్రంలో రక్తం పోతూ ఎక్స్‌రే బాగుందంటే, స్కానింగ్ లేకుండా రాయి లేదని తీర్మానించకూడదు. అదే, మూత్రనాళంలో కటి ఎముక వెనక ఇరుక్కున్న రాయికి స్కానింగ్ కన్నా ఎక్స్‌రే మేలు.

పమేరియన్‌ల దగ్గు. సంతోషం వచ్చినా, మెడపట్టీ లాగినా, బాతు అరిచినట్టు దగ్గుతాయి. శ్వాసనాళం మెత్తబడి, ఊపిరి పీల్చేటప్పుడో వదిలేటప్పుడో అణిగిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఎక్స్‌రే ఒక్క క్షణం బొమ్మ. ఆ క్షణంలో నాళం తెరుచుకుని ఉంటే ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. కాబట్టి ఇంట్లో దగ్గుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. ఆ అర నిమిషం వీడియో చాలా ఉపయోగపడుతుంది.

గడ్డలు. ముసలి లాబ్రడార్‌కి ప్లీహంలో గడ్డ ఉందని స్కానింగ్ చెప్తుంది. అది క్యాన్సరా, మామూలు గడ్డా అన్నది బొమ్మ చూసి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. దానికి సూదితో గానీ, తీసేసిన ముక్కతో గానీ ల్యాబ్ పరీక్ష చేయాలి. స్కానింగ్ రిపోర్ట్ ఒక్కటి చూసి ఆశ వదులుకోకండి.

బొమ్మ కన్నా ఊపిరి ముందు

కొన్ని పరిస్థితుల్లో పరీక్ష ఆగాలి, ప్రాణం ముందు నిలబెట్టాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే అది అత్యవసరం. దాన్ని పట్టుకుని టేబుల్ మీద బలవంతంగా సాగదీస్తే ఆ ఒత్తిడికే పోవచ్చు. ముందు ఆక్సిజన్, తర్వాత బొమ్మ. అది కూర్చున్న చోటే ప్రోబ్ ఆనించి, ఛాతీలో నీరుందా అని నిమిషంలో చూసే పద్ధతి ఉంది.

మగ పిల్లి ఇసుక తట్టలో మాటిమాటికీ కూర్చుంటూ చుక్క మూత్రం కూడా పోయకపోతే, అది మలబద్ధకం అనుకుని ఆగొద్దు. మూత్రం అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోగలదు. ముందు అడ్డు తీయాలి, రాళ్ళ కోసం వెతకడం తర్వాత.

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతు ఛాతీ కుక్కలు వాంతి చేసుకోవాలని ప్రయత్నిస్తూ ఏమీ రాక, పొట్ట డోలులా ఉబ్బి, చొంగ కారుస్తుంటే, జీర్ణాశయం మెలి తిరిగిందేమో అని భయపడాల్సిందే. కుడిపక్కకి పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రేతో అది చాలావరకు తేలుతుంది. కానీ కుక్క కుప్పకూలే స్థితిలో ఉంటే ముందు సెలైన్ ఎక్కించి, పొట్టలో గాలి తీస్తారు. ఇది గంటల్లో తేలిపోయే వ్యవహారం. తెల్లారనివ్వకండి.

సీటీ, ఎంఆర్‌ఐ ఎప్పుడు?

ఈ రెండూ ఖరీదైనవి, అన్ని ఊళ్ళల్లో దొరకవు, జంతువు కదలకుండా ఉండాలి కాబట్టి దాదాపు ఎప్పుడూ మత్తు కావాలి. సీటీ అంటే ఎక్స్‌రేలతోనే ఒంటిని పొరలు పొరలుగా చూడటం. ముక్కు లోపల, మధ్యచెవి, మోచేతి కీలు, ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలకి బాగుంటుంది. ఎంఆర్‌ఐ మెదడుకి, వెన్నుపాముకి. డాషుండ్ లాంటి పొట్టికాళ్ళ కుక్క ఉన్నట్టుండి వెనక కాళ్ళు ఈడుస్తోందంటే, వెన్నులో డిస్క్ జారి ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనపడదు. ఆపరేషన్ ఎక్కడ చేయాలో తెలియాలంటే ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ ఉండాలి. కాలివేళ్ళు గట్టిగా నొక్కినా స్పర్శ లేదంటే ప్రతి గంటా విలువైనదే.

అయితే ఒక మాట. ఆపరేషన్ చేయించే ఉద్దేశం, వీలు రెండూ లేనప్పుడు ఖరీదైన స్కాన్ ఎందుకు? "ఈ జవాబు తెలిస్తే మనం చేసే వైద్యం మారుతుందా?" అని డాక్టర్‌ని అడగండి. మారదంటే ఆ డబ్బు మందులకి దాచుకోవచ్చు.

వెళ్ళేముందు గుర్తుంచుకోవాల్సినవి

మత్తు అనగానే భయపడకండి. పెనుగులాడే కుక్కకి నొప్పి ఎక్కువ, బొమ్మ కూడా పాడవుతుంది, మళ్ళీ తీయాల్సి వస్తుంది. వయసు, గుండె, రక్తపరీక్ష చూసి ఇస్తారు. ముందున్న జబ్బులు, వాడుతున్న మందులు తప్పకుండా చెప్పండి.

ఎక్స్‌రే గదిలో గర్భిణులు, పిల్లలు అసలు ఉండకూడదు. మన దేశంలో ఈ యంత్రాల భద్రత చూసేది అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. మిమ్మల్ని పట్టుకోమంటే సీసం ఏప్రన్ అడగండి. ఏప్రన్ చెదిరి వచ్చే కిరణాలని ఆపుతుంది గానీ, నేరుగా పడేవాటిని ఆపడానికి కాదు. కాబట్టి మీ చెయ్యి బొమ్మలోకి రాకూడదు.

స్కానింగ్‌కి ఎన్ని గంటలు పస్తుంచాలో, నీళ్ళు పెట్టొచ్చో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మూత్రాశయం చూడాలంటే గేటు దగ్గర మూత్రం పోయించి లోపలికి తీసుకురాకండి. నిండుగా ఉంటేనే బాగా కనిపిస్తుంది.

ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపితే సన్న వివరాలు పోతాయి. డిజిటల్ ఎక్స్‌రే అయితే అసలు ఫైల్ అడిగి తీసుకోండి. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది.

ఖర్చు భారమనిపిస్తే పశువైద్య కళాశాలల ఆసుపత్రులని కూడా కనుక్కోండి. తెలంగాణలో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరంలో కళాశాలలున్నాయి. ఏ పరీక్షలు ఏ రోజుల్లో చేస్తారో ముందు తెలుసుకుని వెళ్ళండి.

చివరగా, డాక్టర్ గారు ఏ పరీక్ష రాసినా ఈ మూడు ప్రశ్నలు అడగండి. మీరు దేని కోసం వెతుకుతున్నారు? ఇందులో కనపడకపోతే అది లేనట్టేనా? జవాబుని బట్టి రేపు మనం ఏం చేస్తాం? మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నలకి కోప్పడరు. ఓపిగ్గా చెప్తారు.

మీవాడికి తీసిన ఎక్స్‌రే గురించి అర్థం కానిది ఏదైనా ఉంటే రాయండి, వచ్చే ఎపిసోడ్లలో తీసుకుందాం.